చెయ్యి ఖాళీయే, ధ్యాస ఎక్కడుంది?

తిరుపతి రైల్వే స్టేషన్ ముందు ట్యాక్సీ మాట్లాడుకుని కాణిపాకం బయల్దేరండి. దారిలో డ్రైవరుకు ఎన్ని ఫోన్లు వస్తాయో లెక్కపెట్టాలనుకుంటే చంద్రగిరి దాటేలోపే విసుగొస్తుంది. బండి ఓనరు, సాయంత్రం రేణిగుంటలో విమానం దిగే పార్టీ, రేపటి బాడుగ తెచ్చిన ఏజెంటు, మధ్యలో ఇంటి నుంచి పిల్లలు. "వస్తా ఉండా సామీ, పది నిమిషాలు" అంటూ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మెడ వంకర చేసి నడుపుతుంటే వెనక కూర్చున్నవాళ్లు వెంకన్నకు ఇంకో ముడుపు కట్టుకోవాల్సిందే.

ఫోను ఎత్తకపోతే పూట గడవని వీళ్లలో చాలామందివి బ్లూటూత్ లేని పాత బండ్లే. కొత్త కార్లలో చాలావాటికి స్టీరింగ్ మీదే ఫోను బటన్ ఉంటోంది. చేతులు మారి మారి వచ్చిన ఇండికాలో, తొలినాళ్ల ఇన్నోవాలో ఉండేది రేడియో, మహా అయితే క్యాసెట్టో సీడీనో. కాబట్టి చేత్తో పట్టుకోకుండా ఫోను మాట్లాడే ఏర్పాటు, అంటే హ్యాండ్స్‌ఫ్రీ, ఏదో ఒకటి కొని తగిలించుకోవాలి. ఆ 'ఏదో ఒకటి' దగ్గరే అసలు తేడా వస్తుంది.

మా ఇంట్లో ఉన్నదీ 2006 నాటి చిన్న కారే. అందరిలాగే నేనూ మొదట ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొన్నాను. వెయ్యి రూపాయల లోపే వస్తుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే ఫోను మాటను బలహీనమైన ఎఫ్ఎం తరంగంగా వదులుతుంది, కారు రేడియో దాన్ని ఓ స్టేషన్ అనుకుని పట్టుకుంటుంది. తిరుపతిలో ఖాళీగా ఉన్న నంబరు చూసి పెట్టుకుంటే బాగానే పలికింది. పుత్తూరు దాటి నగరి వైపు పోతుంటే చెన్నై స్టేషన్లు అదే నంబరు మీదికొచ్చి కూర్చున్నాయి. ఇటు మా తమ్ముడు మాట్లాడుతుంటే అటు తమిళంలో నగల దుకాణం ప్రకటన. నంబరు మార్చడానికి చూపు రోడ్డు మీంచి తీయాల్సి వచ్చింది. ఏ ప్రమాదం తప్పించుకోవడానికి ఆ వస్తువు కొన్నానో సరిగ్గా అదే పని.

అంతకన్నా పెద్ద లోపం మైకు. అది ఆ ట్రాన్స్‌మిటర్‌లోనే, అంటే గేర్ రాడ్ పక్కన ఉంటుంది. పాత కారులో ఏసీ అంతంతమాత్రం, అద్దాలు దించే నడుపుతాం. గాలి హోరులో అవతలివాళ్లకు మన మాట వినపడదు. "ఆఁ? ఏందీ?" అంటుంటే తల గేర్ రాడ్ దాకా వంచి అరిచి చెప్పడం. ఇంతకన్నా ఫోను చేత్తో పట్టుకోవడమే నయమనిపించిన రోజులున్నాయి. అది కూడా తప్పే అనుకోండి.

చివరికి పనికొచ్చింది కారులోని స్టీరియో సెట్టునే మార్చేయడం. పాత కార్ల డ్యాష్‌బోర్డులో చాలావాటికి స్టీరియో గూడు ఒకటే కొలత, 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. ఇవాళ దొరికే చిన్న బ్లూటూత్ సెట్టు అందులో అచ్చంగా కూర్చుంటుంది. విడిగా వైరుతో మైకు వచ్చే రకమే తీసుకోవాలి. దాన్ని అద్దం పక్క స్తంభానికో సన్‌వైజర్‌కో బిగిస్తే నోటికి దగ్గరగా ఉంటుంది. పాటలు మాత్రమే వినిపించే రకాలూ ఉంటాయి, కాల్ తీసుకుంటుందో లేదో అడిగి కొనండి. వైరింగ్ దగ్గర కాస్త కన్నేసి ఉంచండి. సెట్టులో సాధారణంగా పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తీసుకునేది, ఎరుపుది తాళం తిప్పితేనే. ఒక షాపులో కుర్రాడు రెండూ కలిపి మెలేసి టేపు చుట్టేశాడు. తాళం తీసినా సెట్టు నిద్రపోలేదు, మూడో రోజుకు బ్యాటరీ పడుకుంది. వైర్లు కత్తిరించకుండా వాటిని కలిపే ప్లగ్గు, అంటే కప్లర్ పెట్టి బిగించమనండి, దాని ఖర్చు ఏమంత కాదు.

చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకునేవాళ్ల గురించి ఒక్క మాట చాలు. ఘాట్ మలుపుల్లో హారన్ కొట్టమని బోర్డులు పెట్టేది ఎదుటివాడు వినాలనే.

ఇక చట్టం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం నడుపుతూ చేత్తో పట్టుకున్న ఫోను వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్. మొదటిసారికి వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ధ్యాస చెదరని రీతిలో దారి చూసుకోవడానికి మాత్రం ఫోనును అనుమతించింది. మంచిదే. కానీ ఆ సెక్షన్ చూసేది చేతిని. మొగిలి ఘాట్‌లో లారీల మధ్య స్పీకర్‌లో ఆస్తి పంపకాల గొడవ తీరుస్తున్నవాడి జోలికి అది పోదు.

పరిశోధనలు చెప్పేది వేరు. 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన టొరంటో అధ్యయనం 699 మంది డ్రైవర్లను పరిశీలించింది. ఫోను మాట్లాడే సమయంలో ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లని తేల్చింది, హ్యాండ్స్‌ఫ్రీ వాళ్లకు అదనపు రక్షణేమీ కనపడలేదు. 2005లో పశ్చిమ ఆస్ట్రేలియా అధ్యయనమూ అటూ ఇటూగా అక్కడికే వచ్చింది. యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం ప్రయోగాలు కారణం చూపించాయి: కళ్లు రోడ్డు మీదే ఉన్నా మనసు మాటలో ఉంటే, చూసిందే బుర్రకెక్కదు. అరవై వేగంలో సెకనుకు పదహారు మీటర్ల పైనే పోతాం మరి.

పక్క సీట్లో మనిషితో మాట్లాడటం లేదా అంటారు. మాట్లాడతాం. కానీ మలుపు రాగానే ఆ మనిషి తనంతట తాను నోరు మూసుకుంటాడు, "లారీ వస్తాంది చూడు" అంటాడు. బెంగళూరులో కూర్చుని ఫోను చేసినవాడికి మన మలుపు కనపడదు.

కాబట్టి నేను చెప్పేది కాస్త వింతగానే ఉంటుంది. పాత బండికి మంచి హ్యాండ్స్‌ఫ్రీ తప్పక పెట్టించుకోండి, పెట్టించుకున్నాక వీలైనంత తక్కువ వాడండి. "రెండో గేటు దగ్గర ఉండా", "సరే", అంతవరకే. బేరాలు, తగాదాలు బండి ఆపాకే. బాడుగ పోతుందన్న డ్రైవర్ల భయం ఉత్తది కాదు, రెండు రింగులకు ఎత్తకపోతే ఏజెంటు ఇంకో బండి చూసుకుంటాడు. అందుకే సగం బరువు ఫోను చేసేవాళ్ల మీదే ఉంది.

డ్రైవరు పలకకపోతే ఫోను చేసినవాళ్లే కాస్త ఆగడం మన ఊరికి కొత్తేమీ కాదు. తిరుమల కొండకు కనీస సమయం నియమం ఉంది, ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. అంతకన్నా ముందే చేరితే తప్పు. అంతసేపు డ్రైవరు పలకకపోయినా తిరుపతిలో ఎవరూ కోప్పడరు. "ఘాట్‌లో ఉన్నట్టుండాడు, పైకెక్కినాక చేస్తాడులే" అని పెట్టేస్తారు. అదే ఏజెంటు, అదే డ్రైవరు పాకాల రోడ్డులో పలకకపోతే మాత్రం వరసగా ఆరుసార్లు చేస్తాడు.