రెక్కలు తెరిచారు, నాకు కనిపించింది ఫోన్లే

పోలండ్‌లోని క్రాకోవ్ పాత ఊరి చౌరస్తాలో సెయింట్ మేరీస్ అనే ఇటుక గోథిక్ చర్చి ఉంది. దాని రెండు గోపురాల ఎత్తు ఒకటి కాదు. ఎత్తైనదాని మీద నుంచి గంటగంటకూ బాకా ఊదుతారు. నేను వెళ్లింది మాత్రం లోపలి చెక్క బలిపీఠం కోసం. ఫైట్ స్టోస్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా చెక్కిన పని అది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఎత్తుకుపోతే, 1946లో తిరిగి పోలండ్ చేరింది.

పన్నెండు గంటలకు కాస్త ముందు, తలుపుల్లా మూసి ఉండే దాని రెక్కలు తెరుస్తారు. అరగంట ముందే వెళ్లి నిలబడ్డాను. సరిగ్గా రెక్కలు కదిలే సమయానికి నా ముందు ఇరవై ఫోన్లు లేచాయి. ఒకాయన ఏకంగా వీడియో కాల్ పెట్టి, గట్టిగా మాట్లాడుతూ ఇంట్లోవాళ్లకు చూపిస్తున్నాడు. పక్కనే ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఆ గోలకు ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. నాకు ప్రాణం చివుక్కుమంది. అది మ్యూజియం కాదు, ఆ ఊరివాళ్లు ఇప్పటికీ పూజకు వచ్చే చోటు! మన గుడిలో హారతి ఇచ్చేటప్పుడు ఎవరైనా ఇలా చేస్తే ఊరుకుంటామా?

ఆ బలిపీఠం మధ్యలో చెక్కిన, యేసు శిష్యులైన అపొస్తలుల చేతుల్లో ఒరిగిపోతున్న మరియమ్మ ముఖం చూడాలని అంత దూరం వెళ్లాను. ఎవరిదో స్క్రీన్‌లో, బొటనవేలంత సైజులో చూశాను. ఫోటో తీసుకోండి, వద్దనను. ఒక్కటి తీసి చెయ్యి దించండి. వెనకాల మనుషులున్నారు.