సవరణ: 1950 ప్రపంచ కప్‌కు భారత్ ఎందుకు వెళ్లలేదు

భారత ఫుట్‌బాల్ జట్టు గురించి నిన్న పెట్టిన పోస్టులో, బూట్లు లేవని ఫిఫా మనవాళ్లను 1950 ప్రపంచ కప్‌లో ఆడనివ్వలేదని ఉంది. అది నిజం కాదు. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఆడే పిల్లలు కూడా ఇదే కథ చెప్పుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

గ్రూపులోని బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో భారత్‌కు నేరుగా అర్హత దక్కింది. ప్రయాణ ఖర్చులో చాలా భాగం భరిస్తామని ఆతిథ్య దేశం బ్రెజిల్ కూడా ముందుకొచ్చింది. జట్టును పంపకూడదని నిర్ణయించింది మన ఫుట్‌బాల్ సమాఖ్యే. జట్టు ఎంపికపై విభేదాలు, సాధనకు సమయం చాలకపోవడం అప్పట్లో చెప్పిన కారణాలు. ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్‌ను మనవాళ్లు పెద్దగా లెక్కచేయలేదు కూడా.

వట్టి కాళ్ల మాట మాత్రం అబద్ధం కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో చాలామంది పాదాలకు బ్యాండేజీ చుట్టుకుని ఫ్రాన్స్‌తో తలపడ్డారు. రెండు పెనాల్టీలు చేజారాయి, 2-1తో ఓడిపోయాం. చివరి నిమిషాల దాకా స్కోరు సమంగానే ఉంది!

ఇంకొకటి: 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకు కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ పేరు పోస్టులో లేకపోవడం పెద్ద లోటు, ఇప్పుడు చేర్చాను.