మీ ఊళ్ళో గ్రేంజ్ హాల్ ఉందా? ఒక్కసారి లోపలికి వెళ్ళండి

మొన్న శనివారం రెండున్నర గంటలు కారు నడుపుకుంటూ ఒక తెలుగు సంఘం వాళ్ళ సేవా కార్యక్రమానికి వెళ్ళొచ్చాం. ఫుడ్ బ్యాంక్‌కి ఇవ్వడానికి బియ్యం, పప్పులు, డబ్బా కూరలు పోగు చేశారు. మంచి పనే. కానీ బ్యానర్ కట్టడానికే గంట పట్టింది, ఆ బ్యానర్ ముందు నిలబడి ఫోటోలు దిగడానికి ఇంకో గంట. తీరా డబ్బాలు వ్యాన్‌లోకి ఎక్కించే టైముకి అక్కడ మిగిలింది నలుగురం. మిగతా అందరూ భోజనాల దగ్గరికి వెళ్ళిపోయారు. నాకు మనసు చివుక్కుమంది. మా ఊళ్ళో గ్రేంజ్ అనే రైతు కుటుంబాల సంఘం ఉంది, అక్కడ సేవ ఇలా ఉండదు. తిరిగి వస్తూ దారంతా ఇదే ఆలోచన, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మేముండేది పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరు. చుట్టూ మొక్కజొన్న చేలు, పాల డైరీలు, రెండు చర్చిలు, ఒక పెట్రోల్ బంకు. మా ఆయన డాక్టర్. జె-1 వీసా మీద ట్రైనింగ్ చేసిన డాక్టర్లు, వెనక్కి వెళ్ళకుండా ఇక్కడే ఉండాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలన్న నిబంధన మీలో చాలామందికి తెలుసు. అలా వచ్చాం ఇక్కడికి. మన తెలుగు డాక్టర్ల కుటుంబాలు ఇలాంటి ఊళ్ళకి ఎన్ని వస్తాయో, మూడేళ్ళు నిండగానే ఎన్ని వెళ్ళిపోతాయో కూడా మీకు తెలుసు. ఆ మూడేళ్ళూ క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ గడుపుతాం. వారాంతం వస్తే గుడికీ, తెలుగువాళ్ళ పార్టీకీ ఊరు దాటి పరుగు. మొదటి రెండేళ్ళు నేనూ అంతే. పక్కింటావిడ పేరు తెలుసుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

ఆ పక్కింటావిడే ఒక మంగళవారం తలుపు కొట్టి, "సాయంత్రం ఖాళీనా? లేబుళ్ళు అంటించాలి, చేతులు చాలడం లేదు" అని అడిగింది. ఆవిడకి అప్పటికే ఎనభై దాటాయి. కాదనలేక వెళ్ళాను. మా వీధి చివర తెల్ల రంగు చెక్క హాలు, దాని మీద గ్రేంజ్ అని బోర్డు. రెండేళ్ళుగా రోజూ దాని ముందు నుంచే వెళ్తున్నా ఏదో పాత చర్చి అనుకునేదాన్ని.

లోపల పొడవాటి బల్లల మీద డిక్షనరీల కట్టలు. ఊళ్ళో మూడో తరగతి పిల్లలందరికీ తలా ఒకటి, ప్రతి ఏడాదీ ఇస్తారట. జార్జియా రాష్ట్రంలోని సవానాలో ఆనీ ప్లమర్ అనే ఆవిడ 1992లో తన ఇంటి దగ్గర బడి పిల్లలకి యాభై డిక్షనరీలు కొనిచ్చింది. ఆ పని చూసి తర్వాత ఒక సంస్థే పుట్టింది, ఎన్నో గ్రేంజ్‌లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఆ సాయంత్రం మేం చేసిందల్లా ఒక్కో పుస్తకం అట్ట లోపల లేబుల్ అంటించి, జాబితా చూసి పిల్లల పేర్లు రాయడం. స్పెల్లింగ్ తప్పు పోయిందని ఒక పెద్దాయన లేబుల్ పీకి మళ్ళీ రాశాడు. "ఆ పిల్లకి ఇది మొదటి సొంత పుస్తకం కావచ్చు, పేరు తప్పు ఉండకూడదు" అన్నాడు. బడిలో పంచే రోజు నేనూ వెళ్ళాను. పుస్తకం చివర్లో ఇంగ్లీషులో అతి పొడవైన పదమంటూ ఒకటి ఉంటుంది, 1,909 అక్షరాలు. పిల్లలందరూ ముందు దాని మీద పడ్డారు. ఒక పిల్ల మాత్రం దేశాల పేజీలు తిప్పి ఇండియా వెతికి, మీరు ఇక్కడినుంచేనా అని నన్ను అడిగింది. ఆ ఊళ్ళో అంతవరకూ నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగే అవకాశం నేనే ఎవరికీ ఇవ్వలేదు.

గ్రేంజ్ అంటే తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది రైతు కుటుంబాల సంఘం. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక ఇక్కడి వ్యవసాయ శాఖలో గుమస్తాగా ఉన్న ఆలివర్ హడ్సన్ కెల్లీ దక్షిణాది పల్లెలు తిరిగి, రైతుల పరిస్థితి కళ్ళారా చూసి, ఇంకొందరితో కలిసి 1867 డిసెంబర్‌లో వాషింగ్టన్‌లో మొదలుపెట్టాడు. ఆయన బంధువు కరోలిన్ హాల్ పట్టుబట్టడంతో ఆడవాళ్ళకి మొదట్నుంచీ సమాన సభ్యత్వం ఇచ్చారు. ఓటుంది, పదవులున్నాయి. దేశమంతటా ఆడవాళ్ళకి ఓటుహక్కు వచ్చింది 1920లో అని గుర్తుపెట్టుకుంటే ఇదెంత పెద్ద విషయమో తెలుస్తుంది. 1875 నాటికి సభ్యులు ఎనిమిది లక్షలు దాటారు. రైతు ధాన్యం దాచుకునే గిడ్డంగుల రేట్లను రాష్ట్ర ప్రభుత్వం అదుపు చేయొచ్చని 1877లో సుప్రీంకోర్టు చెప్పిందంటే దాని వెనక వీళ్ళ పోరాటం ఉంది. అప్పట్లో పల్లెవాళ్ళు ఉత్తరం కావాలంటే టౌన్‌కి పోవాలి. ఇంటి దగ్గరికే టపా రావాలని గట్టిగా అడిగినవాళ్ళలో వీళ్ళున్నారు, 1896లో అది ప్రయోగంగా మొదలైంది.

ఇదంతా ఒకప్పటి సంగతే అనేవాళ్ళని మా హాలు బేస్‌మెంట్‌కి తీసుకెళ్తాను. అక్కడ వాకర్లు, చక్రాల కుర్చీలు, చేతికర్రలు, స్నానానికి వేసుకునే స్టూళ్ళు వరసగా ఉంటాయి. తలుపు పక్కన మేకుకి దారం కట్టిన నోట్‌బుక్ ఒకటి వేలాడుతుంది. ఏం తీసుకెళ్తున్నారో, పేరు, ఫోన్ నంబర్ రాసి పట్టుకెళ్ళడమే. డిపాజిట్ లేదు, ఆధారాలు అడగరు, ఎప్పుడు తెస్తారని అడగరు. తుంటి ఎముక ఆపరేషన్ అయి ఇంటికొచ్చే పేషెంట్‌కి ఇన్సూరెన్స్ అనుమతి కోసం ఎన్నిరోజులు తిరగాలో మా ఆయనకి బాగా తెలుసు. ఇక్కడ పది నిమిషాల పని. తిరిగొచ్చిన వాకర్‌ని సబ్బు నీళ్ళతో కడిగి, కాళ్ళకి ఉన్న రబ్బరు బుడిపెలు అరిగిపోతే మార్చి పెట్టే డ్యూటీ ఇప్పుడు నాది. ఒకసారి ఒక చక్రాల కుర్చీ తిరిగి ఇవ్వడానికి ఒకాయన వచ్చాడు. ఆయన భార్య పోయి వారమైందట. కుర్చీ తుడిచి మరీ తెచ్చాడు. కాసేపు దాని వెనక పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏమనాలో తెలియక నేనూ పక్కన నిలబడ్డాను. తర్వాత ఇద్దరం పైకెళ్ళి కాఫీ తాగాం. ఇప్పుడాయన మంగళవారం మీటింగులకి వస్తున్నాడు.

దీన్ని ఫోటో తీసి ఎక్కడ పెడతారు చెప్పండి?

నేను చెప్పేది ఇదే. సేవకి డబ్బు కావాలి, నిజమే, మనవాళ్ళు చందాలు ఇవ్వడంలో ఎవరికీ తీసిపోరు. కానీ ఏడాదికోసారి వచ్చి చెక్కు ఇచ్చి వెళ్ళిపోతే ఆ నోట్‌బుక్ నడవదు. ఎవరో ఒకరు ప్రతి వారం తలుపు తియ్యాలి, వాకర్ కడగాలి, లేబుల్ మీద పేరు సరిచూడాలి. ఒకే మనిషి మళ్ళీమళ్ళీ కనిపించాలి. అప్పుడే అవతలివాళ్ళు మొహమాటం లేకుండా సాయం అడుగుతారు. నెలకోసారి జరిగే భోజనాల్లో బంగాళదుంపలు చెక్కుతూ నేను విన్న ఇంటి కష్టాలు, ఐదేళ్ళ పార్టీల్లో మనవాళ్ళ దగ్గర కూడా వినలేదు.

ఈ అలవాటు మనకి కొత్తదేం కాదు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పుస్తకాలని పడవకెక్కించి కాలవ వెంబడి ఊళ్ళకి పంపారు. ఆ పడవ ఒక్కసారి వచ్చి ఊరుకుంటే దానికి అర్థం ఉండేదా? మళ్ళీ వస్తుందన్న నమ్మకంతోనే కదా జనం గట్టున ఎదురుచూసేది.

అభ్యంతరాలు ఉంటాయని తెలుసు, నాకూ ఉండేవి. హాలు మధ్యలో బల్ల మీద బైబిల్ తెరిచి ఉంటుంది, మీటింగుకి ముందు ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థన జరిగేటప్పుడు నేను ఊరికే నిలబడతాను. నీ మతమేంటని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. సభ్యత్వ క్రతువు మొదట్లో వింతగా అనిపించింది. నాలుగు మెట్లు నాలుగు ఋతువుల మీద నడుస్తాయి, దున్నడం దగ్గర్నుంచి పంట ఇంటికి చేర్చేదాకా. నేను పుట్టింది వరి పండించే ఇంట్లో. విత్తనం గురించి వాళ్ళు చెప్పిన మాటలు వింటుంటే నాకు మా తాతయ్య గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఇక్కడ పార్టీ రాజకీయం అడుగుపెట్టనివ్వరు, ఈ రోజుల్లో అదొక్కటి చాలు నాకు.

నచ్చనివీ ఉన్నాయి. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో లెక్కగట్టి, ఏడాది చివర పుస్తకంగా చేసి రాష్ట్ర గ్రేంజ్‌కి పంపుతారు. దాన్ని తయారుచేయడానికే ఎంత శ్రమో! చక్రాల కుర్చీ తిరిగి తెచ్చినాయన పక్కన కాఫీ తాగుతూ కూర్చున్న ఆ గంటని ఏ వరుసలో రాయాలి? కొత్తగా ఎవరైనా ఏదన్నా అంటే "ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం" అనే సమాధానం కూడా వినాల్సి వస్తుంది. నేను వాదిస్తాను. ఒకోసారి నెగ్గుతాను కూడా, నెలసరి భోజనాల్లోకి పప్పుచారు వచ్చింది అలాగే.

అసలు భయం వేరు. మా మీటింగ్‌కి వచ్చే పద్నాలుగు మందిలో అరవై లోపు వాళ్ళం ముగ్గురమే. పైకప్పు కారుతోంది. మా పక్క టౌన్‌షిప్‌లో హాలు అమ్మేశారు, వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉన్న వాకర్లు ఇప్పుడు మా దగ్గరున్నాయి. ఇది మూతపడితే అన్నీ ఎక్కడికి పోతాయి? ఆ నోట్‌బుక్ ఎవరింట్లో పెడతారు?

మా ఒప్పందం మూడేళ్ళు ఎప్పుడో అయిపోయింది. ఇది మాకు ఇక్కడ ఏడో ఏడు. మా ఊరికి ఇరవై మైళ్ళ దూరంలో ఈ జులైలో ఇంకో తెలుగు డాక్టరమ్మ చేరింది, చంటిపిల్లతో. ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "అక్కా, మూడేళ్ళే కదా, ఎలాగోలా గడిపేస్తాం" అంది. అచ్చం నేనన్న మాటే.

మంగళవారం మళ్ళీ లేబుళ్ళ పని ఉంది, ఈసారి అరవై రెండు డిక్షనరీలు. ఆ అమ్మాయినీ పిల్లనీ ఆరింటికి నేనే వెళ్ళి కారెక్కించుకొస్తానని చెప్పాను. పక్కింటావిడ అటక మీద ఉయ్యాల తొట్టె ఉందట, దాన్ని దింపి హాలుకి తెస్తానంది.