జామీను వేరొకరు పడినంత మాత్రాన అప్పు మాఫీ కాదు

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టళ్లు నడుపుకునే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "కోవిడ్ ఆర్థిక పునరుద్ధరణ చట్టం కింద మీ హక్కులు" అనే సందేశం మళ్లీ తిరుగుతోంది. ఈ ఒక్క వారంలోనే నలుగురు దాన్ని నాకు పంపి "నిజమేనా సార్?" అని అడిగారు. ఆ నలుగురి జమాఖర్చులూ చూసేది నేనే కాబట్టి ఊరుకోవడానికి మనసొప్పడం లేదు. ప్రభుత్వం జామీను పడిన అప్పును తిరిగి కట్టనక్కర్లేదట. 2020 మార్చి నుంచి ఏడాదిపాటు ఎగవేసిన బాకీలను ఎవరూ ఎప్పటికీ వసూలు చేయలేరట. వాయిదాలు కట్టకుండా వెసులుబాటు ఇచ్చిన మారటోరియం కాలపు వడ్డీని సుప్రీంకోర్టు కొట్టేసిందట. లాక్‌డౌన్ నెలల అద్దె చట్టప్రకారం రద్దయిందట. 20 లక్షల కోట్ల ప్యాకేజీలో తలకు 15 వేల చొప్పున మనకు రావలసింది ఎవరో తినేశారట. "బ్యాంకులు ఈ సంగతి మీకు చెప్పవు, పదిమందికీ పంపండి" అన్నది చివరి వాక్యం.

ముందుగా, ఆ పేరుతో మన దేశంలో చట్టమే లేదు. ఆ కాలంలో వచ్చినవి కొన్ని ఆర్డినెన్సులు, వాటి స్థానంలో తరువాత పార్లమెంటు చేసిన సవరణ చట్టాలు, రిజర్వు బ్యాంకు సర్క్యులర్లు, కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకాలు. దేని పరిధి దానిదే. అన్నిటినీ ఒకే మూటగా కట్టి లేని పేరొకటి పెట్టినవారు వాటిలో ఒక్కదాన్నయినా చదివి ఉంటారని నేను నమ్మను.

తలకు 15 వేల లెక్కకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. కేంద్రం ప్రకటించిన మొత్తం 20,97,053 కోట్లలో 8,01,603 కోట్లు రిజర్వు బ్యాంకు చర్యల విలువ, మరో 3 లక్షల కోట్లు అప్పులకు ఇచ్చిన జామీను. దాన్ని జనాభాతో భాగించి రొక్కం కింద చూపడం తప్పు. పీఎఫ్ కోత 12 నుంచి 10 శాతానికి తగ్గడం "ప్రభుత్వం ఇచ్చిన బోనస్" అని ఆ సందేశంలో ఉన్న మాట కూడా అంతే. 2020 మే, జూన్, జూలై నెలల్లో చేతికొచ్చిన ఆ కాస్త ఎక్కువ మొత్తం మన పొదుపులోంచి తగ్గినదే.

అసలు ప్రమాదం సందేశంలోని మొదటి మాటలో, జామీను ఉన్న అప్పు కట్టనక్కర్లేదన్న దానిలో ఉంది. 2022లో నా దగ్గరికి వచ్చిన ఒక పీజీ యజమాని సంగతి చెబుతాను. నాలుగంతస్తులు, 84 పడకలు. 2020 ఏప్రిల్‌లో మిగిలినవారు తొమ్మిది మంది. కంపెనీలన్నీ ఇంటినుంచే పని చేయమన్నాక పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. ఈయనకు నెల్లూరు జిల్లాలోని సొంత ఇంటిని తాకట్టు పెట్టి తెచ్చిన బ్యాంకు అప్పు 25 లక్షలు ఉంది. 2020 ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం వరకు కొత్తగా ఇచ్చిన అత్యవసర ఋణ హామీ పథకం కింద మరో 5 లక్షలు వచ్చాయి. మొదటి ఏడాది వడ్డీ మాత్రమే, తరువాత మూడేళ్లు అసలుతో కలిపి వాయిదాలు. బ్యాంకులకు వడ్డీ పరిమితి 9.25 శాతం కాబట్టి నెలకు దాదాపు 16 వేలు. అసలు వాయిదాలు మొదలైన కొద్ది నెలలకు ఈ సందేశం ఆయన ఫోన్‌లోకి వచ్చింది. "పాత అప్పు కడుతూనే ఉన్నాను సార్, ప్రభుత్వం జామీను ఉన్న కొత్తదే ఆపాను" అన్నాడు. ఆపి మూడు నెలలు దాటింది. ఒక ఋణగ్రహీతకు చెందిన ఒక్క ఖాతా 90 రోజులకు మించి బకాయి పడితే, ఆ బ్యాంకులో ఆయన ఖాతాలన్నీ మొండి బాకీల కిందికి వెళ్తాయి. క్రమం తప్పకుండా కడుతున్న 25 లక్షల అప్పు కూడా అలాగే వెళ్లింది, దానితోపాటు తాకట్టులో ఉన్న ఇల్లూ ప్రమాదంలో పడింది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఇచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో వచ్చిన నోటీసును ఊళ్లో వాళ్ల నాయన అందుకుని ఫోన్‌లో ఫొటో తీసి పంపాడు. ఆ ఫొటోలో కాగితం అంచున ఆ పెద్దాయన బొటనవేలు కనబడుతోంది. చదవడం రాని మనిషి కనుక కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

ఈ సందేశం రాసినవారిని నేను అడగదలచుకున్నది ఇదే. మీరు చీటీ పాడుకున్నప్పుడు మీ బావమరిది జామీను సంతకం పెడతాడు; సంతకం ఆయన పెట్టాడు కదా అని నెలనెలా చీటీ కట్టడం మానేస్తారా? మానేస్తే ఆయన ముఖం చూడగలరా? ఇక్కడ జామీను పడింది కేంద్ర ప్రభుత్వం తరఫున పనిచేసే ట్రస్టీ కంపెనీ. అది పూచీ ఇచ్చింది మనకు కాదు, బ్యాంకుకు. మన దగ్గర రాకపోతే బ్యాంకు మునగకూడదనే ఆ ఏర్పాటు. హామీ సొమ్ము అందుకున్న తరువాత కూడా బ్యాంకు మన మీద వసూలు చర్యలు కొనసాగించవలసిందే. కొత్త తాకట్టు అడగలేదన్నది నిజమే, కానీ ఆయన పాత తాకట్టు మీదే ఈ అప్పుకు రెండో హక్కు రాయించుకున్నారు. మంజూరు పత్రం రెండో పేజీలో ఇవన్నీ ఉన్నాయి. ఒక కుటుంబం ఇంటిమీదికి నోటీసు తెచ్చిన మాటను చదవకుండా పదిమందికీ పంపడం పరోపకారం కాదు, అపకారం.

ఇక, ఎప్పటికీ వసూలు చేయలేరన్న మాట. దీనిలో కొంత నిజముందని ఒప్పుకుంటున్నాను, మొదట నేనే నమ్మలేక చట్టం తీసి చూశాను. 2020 జూన్ 5 నాటి ఆర్డినెన్సు దివాలా చట్టంలో 10ఎ సెక్షన్ చేర్చింది. 2020 మార్చి 25 నుంచి ఏడాది వరకు జరిగిన ఎగవేతలపై ఆ చట్టం కింద దివాలా దరఖాస్తు ఎన్నటికీ వేయరాదని అందులో స్పష్టంగా ఉంది. ఆ "ఎన్నటికీ" నిజమే. కానీ అది వర్తించేది కంపెనీలకు, అదీ దివాలా దరఖాస్తుకు మాత్రమే. సివిల్ దావా ఆగలేదు, చెక్కు బౌన్సు కేసు ఆగలేదు, తాకట్టు స్వాధీనం ఆగలేదు. మన పీజీలలో నూటికి తొంభై సొంత పేరు మీద నడిచేవే కనుక, ఆ సెక్షన్ మనకోసం రాసింది కానే కాదు.

మారటోరియం సంగతి అంకెల్లో చూద్దాం. 10 లక్షల అప్పుకు 12 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలలకు సాధారణ వడ్డీ 60,000. నెలనెలా చక్రవడ్డీ లెక్క వేస్తే 61,520. తిరిగి వచ్చింది ఈ రెంటికీ మధ్య తేడా, అంటే 1,520 రూపాయలు. 2 కోట్ల లోపు అప్పులకు ప్రభుత్వం 2020లోనే ఆ తేడా ఇచ్చింది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు ఆ పరిమితి లేకుండా అందరికీ వడ్డీ మీద వడ్డీ వద్దంది, అదే తీర్పులో మొత్తం వడ్డీ మాఫీకి ఒప్పుకోలేదు. సందేశం తీర్పులో సగం చూపి సగం దాచింది.

అద్దె విషయంలో సందేశం తప్పే, కానీ దాని వెనకున్న బాధ తప్పు కాదు. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఆదేశం కూలీల దగ్గర ఒక నెల అద్దె అడగవద్దంది. భవనం మొత్తం లీజుకు తీసుకున్నవారికి అది వర్తించదు; లాక్‌డౌన్ వచ్చినంత మాత్రాన అద్దె దానంతటదే ఆగిపోదని ఢిల్లీ హైకోర్టు ఆ మే నెలలోనే చెప్పింది. మనలో చాలామంది ఖాళీ గదులకు నెలకు రెండు లక్షలకు పైగా అద్దె కట్టారు, నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదుళ్లు తెచ్చి మరీ కట్టారు. అప్పటికి బ్యాంకు అప్పే లేని మనిషికి ఆ హామీ పథకంలో ఒక్క రూపాయీ రాలేదు, ఎందుకంటే పాత బాకీ సున్నా అయితే దానిలో 20 శాతమూ సున్నానే. భవనం లీజుదారుకు, చేబదుళ్ల మీద బతికేవాడికి ఆ ఏడాది చేసిన చట్టాలలో చోటు లేదు. ఈ ఫిర్యాదు న్యాయమైనదే, సందేశం ఇంతవరకే చెప్పి ఉంటే నేనే పదిమందికీ పంపేవాణ్ణి.

ఆ మాట నమ్మి వాయిదాలు ఆపినవారు ఎవరైనా గ్రూపులో ఉంటే మంజూరు పత్రం, ఆరు నెలల స్టేట్‌మెంటు పట్టుకుని ఈ ఆదివారంలోగా రండి. నోటీసు వచ్చి ఉంటే 60 రోజుల లోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. దానికి బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆగిన వాయిదాల బకాయి మొత్తం చెల్లిస్తే ఖాతా మళ్లీ మామూలు ఖాతా అవుతుంది. నెల్లూరు ఆయన చేసింది అదే.