వోచర్ లేని ఖర్చు

మా మామగారు ఖజానా శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆ కాలంలో ఆయన బల్ల మీదుగా పాసైన బిల్లుల కంటే వెనక్కి వెళ్లిన బిల్లులే ఎక్కువని కాకినాడలో పాత ఉద్యోగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. సంతకం ఉంటే తేదీ లేదనేవారట. తేదీ ఉంటే ముద్ర సరిగ్గా పడలేదనేవారట. అలాంటి మనిషి ఒక రాత్రి తన ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి మంజూరు ఇచ్చేశారు.

ఊరికే ఇవ్వలేదు లెండి. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇన్‌స్టాల్ చేయమంటారా అని ఫోన్ రోజూ అడుగుతుంటే "పరిశీలనలో ఉంది" అని పక్కన పడేస్తూ వచ్చారు. చివరికి భూతద్దం తెచ్చుకుని కింద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదివారు. భద్రతా లోపాలు సవరించారట. కెమెరా మెరుగుపడిందట. నాలుగో అంశంగా 'బ్యాటరీ పనితీరు మెరుగుపరచబడింది' అని ఉంది. అది చూసి, రాతపూర్వకంగా ఇచ్చారు కదా అని సరే నొక్కారు.

మర్నాడు ఉదయం 6 గంటలకి 100 శాతం. ఇడ్లీలు తినేసరికి 81. భోజనానికి పీట వేసేసరికి ఎర్ర గీత. ఫోన్ వీపు చూస్తే చెయ్యి పెట్టలేనంత వేడి.

వేసవి సెలవులకని మేము ఆ సాయంత్రమే దిగాం. మామూలుగా అయితే గేటు దగ్గరే "ప్రయాణం బాగా జరిగిందా అల్లుడుగారూ" అంటారు. ఈసారి సూట్‌కేసు కింద పెట్టకముందే "నాలుగో అంశం చూడండి" అని ఫోన్ చేతికిచ్చారు. ఫోన్ ఆగిపోయి ఉంది కాబట్టి నాకేమీ కనిపించలేదు. ఆ సంగతి కూడా ఆయన డైరీలో రాసుకున్నారు.

డైరీ అన్నాను కదా, అదీ సంగతి. అప్పటికే ఒక పాత డైరీలో గీతలు కొట్టి క్యాష్‌బుక్ మొదలుపెట్టేశారు. ఎడమ పక్కన సమయం, తర్వాత ఓపెనింగ్ బ్యాలెన్స్, ఖర్చు, క్లోజింగ్ బ్యాలెన్స్, చివర రిమార్కులు. '7:20. బ్యాలెన్స్ 88. ఖర్చు 3. వోచర్ లేదు.' '7:40. బ్యాలెన్స్ 84. ఖర్చు 4. ఫోన్ బల్ల మీదే ఉన్నది. ఎవరూ వాడలేదు. సంజాయిషీ కోరవలెను.' పక్కనే ఎర్ర ఇంకుతో ఒక టిక్కు.

సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఎవరెవరు ఎంత వాడారో లెక్క ఉంటుందని చూపించాను. అందులో అన్నిటికంటే పైన 'ఆండ్రాయిడ్ సిస్టమ్' అని ఉంది.

"ఈ సిస్టమ్ అంటే ఎవరు?"

"ఫోనే మామయ్యగారూ. లోపల తన పనులేవో చేసుకుంటుంది."

"అంటే 'ఇతరములు' అన్నమాట" అన్నారు గంభీరంగా. "ఇతరముల కింద ఖర్చు రాసినవాణ్ని నేను సర్వీసులో ఏనాడూ నమ్మలేదు."

నాకు తెలిసినంతలో వివరించబోయాను. పెద్ద అప్‌డేట్ తర్వాత ఫోన్‌కి ఒకటి రెండు రోజులు చేతినిండా పని ఉంటుంది. ఉన్న యాప్‌లన్నిటినీ కొత్త వ్యవస్థకి తగ్గట్టు మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. గ్యాలరీలో ఉన్న ఫొటోలన్నీ మొదటి నుంచి తిరగేసి ఏ ముఖం ఎవరిదో, ఎక్కడ ఏ వస్తువు ఉందో రాసి పెట్టుకుంటుంది. మామూలు వాళ్ల ఫోన్‌లో ఇదంత పెద్ద పని కాదు. మామగారు మాత్రం పెన్షనర్ల గ్రూపులో ఉన్నారు, వీధి గ్రూపులో ఉన్నారు, బంధువుల గ్రూపులు ఎన్నో ఆయనకే తెలియదు. అన్నిటి నుంచీ తెల్లవారుజాము 4 గంటలకి మొదలవుతాయి, గులాబీలతో, సూర్యోదయాలతో, దేవుళ్లతో శుభోదయాలు. ఒక్కటి చెరిపితే ఒట్టు. రికార్డు చెరపడం ఆయన సర్వీసులోనే లేదు.

నేను చెబుతుండగానే ఫోన్ ఒక ప్రశ్న వేసింది. రెండు ముఖాలు పక్కపక్కన చూపించి, వీరిద్దరూ ఒకరేనా అని అడిగింది. ఒకరు తిరుమల వేంకటేశ్వరస్వామి. రెండోవారు పిల్లనగ్రోవితో ఉన్న కృష్ణుడు.

"అవునని నొక్కండి, ఇద్దరూ ఒకరే కదా" అన్నారు అత్తయ్యగారు, చిక్కుళ్లు ఈనెలు తీస్తూ.

"ఆధారం?" అన్నారు మామగారు.

దానిమీద భార్యాభర్తల మధ్య జరిగిన చర్చ వల్ల ఇంకో 6 శాతం పోయింది.

బెంగళూరులో ఉన్న మా బావమరిదికి ఫోన్ వెళ్లింది. పాపం, వాడు ఏదో కంపెనీలో ఉద్యోగుల జీతాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. కానీ ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉన్నాక లోకంలో ఎక్కడ ఏ సాఫ్ట్‌వేర్ చెడినా వాడే జవాబుదారీ. "మీవాళ్లు నాలుగో అంశంలో ఏం రాశారో తెలుసా?" అని మొదలుపెట్టారు మామగారు. మా వాళ్లు కాదు నాన్నా అని వాడు ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. నాన్నని శాంతింపజేద్దామని, ఇలాంటివి పెద్ద పెద్ద కంపెనీల్లోనూ జరుగుతాయంటూ, ఆపిల్ వాళ్లు పాత ఐఫోన్లని అప్‌డేట్‌తో నెమ్మది చేసిన సంగతి 2017 డిసెంబరులో బయటపడిందని నోరు జారాడు. బ్యాటరీ పాతబడితే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండడానికే అలా చేశామని కంపెనీ చెప్పుకుందని, తర్వాత కొత్త బ్యాటరీ ధర 79 డాలర్ల నుంచి 29కి తగ్గించిందని, ఫ్రాన్స్‌లో 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా కూడా పడిందని అన్నాడు.

మామగారు మిగతాదేమీ వినలేదు. "అంటే ఒప్పుకున్నారన్నమాట!" అని డైరీలో రాసి కింద రెండు గీతలు గీశారు. తనది ఆ కంపెనీ ఫోనే కాదని చెప్పినా, "శాఖ వేరైనా ప్రభుత్వం ఒకటే" అన్నారు.

అసలు ఈ శాతం అనేది కూడా అంచనాయే, లోపల ఎంత మిగిలిందో కొలిచి చూసే వీలు ఫోన్‌కి లేదు, ఎంత కరెంటు లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది, వోల్టేజి ఎంతుంది అన్నదాన్ని బట్టి లెక్క కడుతుంది అని నేనన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు.

"అంచనాయా? బడ్జెట్ ఎస్టిమేటా, రివైజ్డ్ ఎస్టిమేటా? యాక్చువల్స్ ఎప్పుడిస్తారు?"

లిథియం అయాన్ బ్యాటరీ కథ చెబితే మనసు మళ్లుతుందేమో అనుకున్నాను. 1991లో సోనీ వాళ్లు మొదట బజారులో పెట్టారని, అది కనిపెట్టడానికి దారి వేసిన ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారని, వాళ్లలో జాన్ గుడినఫ్ గారికి అప్పటికి 97 ఏళ్లని చెప్పాను. "97 ఏళ్ల మనిషి స్టాక్‌హోం వరకూ వెళ్లగలిగాడు. ఆయన బ్యాటరీ భానుగుడి జంక్షన్ వరకూ రావడం లేదు" అన్నారు.

అది నిజమే. మర్నాడు కాజాలు కొనడానికి వెళ్లినప్పుడు భానుగుడి జంక్షన్ దగ్గరే ఆగింది. 240 రూపాయలు కొట్టి, పిన్ నొక్కి, అరచెయ్యి అడ్డం తీశారో లేదో స్క్రీన్ నల్లబడింది. మామగారు, నేను, కొట్టతను, వెనక నిలబడ్డ నలుగురు అందరం కౌంటరు మీదున్న డబ్బాకేసి చూస్తూ నిలబడ్డాం. డబ్బు ముట్టిందని అది పలికితే కాజాలు మనవి. అది పలకదే! వెనక ఒకావిడ "పెద్దాయన కదా, పోనీండి బాబూ" అంది. ఆ 'పోనీండి' మామగారికి ఎక్కడో తగిలింది. గబగబా ఫోన్ కవరు విప్పి, వీపు దగ్గర మడిచి దాచిన 500 నోటు తీసి కొట్టతని చేతిలో పెట్టారు. చిల్లర లెక్కపెట్టుకుని మెట్లు దిగుతుంటే డబ్బా గొంతు విప్పింది, 240 రూపాయలు అందాయని. వెంటనే వెనక్కి తిరిగి, "డబుల్ పేమెంట్. రికవరీ చెయ్యండి" అన్నారు. ఆ రోజుకి ఆయన ముఖంలో కాస్త కళ కనిపించింది అప్పుడే.

ఆ కవరు సంగతి కూడా చెప్పాలి. నోటు ఒక్కటే కాదు, అందులో ఆధార్ కార్డు, పెన్షనర్ గుర్తింపు కార్డు, అన్నవరం సత్యదేవుడి ఫొటో, ఎప్పటిదో మందుల చీటీ కూడా ఉన్నాయి. మే నెల కాకినాడ ఎండ, లోపల పనిచేస్తున్న ఫోన్, దాని మీద ఇన్ని దుప్పట్లు. వేడెక్కకేం చేస్తుంది?

వేడి సంగతి ఎదురింటి గార్డుగారు పట్టించుకున్నారు. రైల్వేలో రిటైరైన ఆయన, ప్రమాదాల మీద మంచి పట్టు. 2016లో శామ్‌సంగ్ నోట్ 7 ఫోన్లు అంటుకుంటే కంపెనీ అన్నిటినీ వెనక్కి తీసుకుందని గుర్తు చేసి, రాత్రిపూట ఛార్జింగ్ అసలు పెట్టొద్దని ఆర్డరు వేశారు. వేడి తగ్గడానికి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. చల్లటి చోటి నుంచి తీయగానే లోపల చెమ్మ చేరుతుంది, ఫోన్‌కి అంతకంటే అపాయం లేదు అని నేననేలోపే అది దోసెల పిండి వెనక్కి చేరిపోయింది. పావుగంటకి అత్తయ్యగారు పచ్చిమిరపకాయల కోసం తలుపు తీస్తే లోపల నుంచి నాదస్వరం వినిపించింది. మామగారి రింగ్‌టోన్. ఆవిడ తలుపు వేసేసి, మళ్లీ తీసి, నమస్కారం పెట్టుకున్నారు. తర్వాత ఆయన్ని తిట్టారు.

నా ఉద్దేశంలో అసలు జబ్బు ఇంకోటి. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పటి నుంచి ఫోన్‌ని కదపకుండా స్క్రీన్ ఆపి పక్కన పెడితే అది నిద్రలోకి జారుకుని ఖర్చు తగ్గించుకుంటుంది. మామగారు దానికి ఆ అవకాశమే ఇవ్వడం లేదు. 20 నిమిషాలకోసారి ఎత్తి, స్క్రీన్ వెలిగించి, సెట్టింగ్స్ తెరిచి, భూతద్దం పెట్టి, డైరీలో ఎక్కిస్తారు. అదే మెల్లగా చెప్పాను.

"మీరు చూడ్డం తగ్గిస్తే ఖర్చు కొంత తగ్గుతుంది మామయ్యగారూ."

"తనిఖీ మానేస్తే లోటు కనిపించదంటారు" అన్నారు, జాలిగా చూస్తూ. "నేను తనిఖీకి వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ ఇదే చెప్పేవారు."

మరమ్మతు కొట్టు కుర్రాడు ఫోన్ తిప్పి చూసి, బ్యాటరీ మార్చాలి, 1800 అవుతుందన్నాడు. మూడు కొటేషన్లు కావాలన్నారు మామగారు. అక్కడితో ఆ ముచ్చట ముగిసింది.

చివరికి అత్తయ్యగారే రంగంలోకి దిగారు. ఫోన్ కొన్నప్పుడు వీధిలో అందరూ మెచ్చుకున్నారని, ఇది దిష్టి తప్ప మరోటి కాదని తేల్చారు. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే మా అందరికీ దగ్గు. కవరు విప్పేసి, సత్యదేవుణ్ని గోడకి ఆనించి, ఫోన్‌ని దేవుడి గదిలో దీపాల సీరియల్ సెట్టు ప్లగ్గుకి ఛార్జింగ్ పెట్టి తలుపు గొళ్లెం వేశారు. "పొద్దున్న నేను స్నానం చేసి తీసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మీరు మరీను" అని భర్తకి ప్రత్యేకంగా చెప్పారు.

రాత్రంతా ఛార్జర్‌కి తగిలించి, కవరు లేకుండా, ఎవరూ ఎత్తి చూడకుండా వదిలేస్తే ఫోన్ తన మిగిలిన పనులన్నీ పూర్తి చేసుకుంటుంది. ఆ మాట నేను అనలేదు. అత్తవారింట్లో ఇంకా 10 రోజులు ఉండాలి.

మర్నాడు రాత్రి 9 గంటలకి బ్యాలెన్స్ 63. మామగారు రెండుసార్లు చూశారు. వెంటనే వాటాల పంపకం మొదలైంది. దిష్టి అన్నారు అత్తయ్యగారు. ఫ్రిజ్ అన్నారు గార్డుగారు, గేటు దగ్గర నుంచే. తను దూరం నుంచి చెప్పిన సెట్టింగేదో పనిచేసిందన్నాడు బావమరిది. మామగారు ఎవరి వాదననీ ఒప్పుకోలేదు. డైరీలో 'లోటు సర్దుబాటైనది. బాధ్యులు తేలలేదు. సస్పెన్స్ ఖాతాలో ఉంచడమైనది' అని రాసి తేదీ వేసి సంతకం పెట్టారు.

మరుసటి ఉదయం గార్డుగారు తన ఫోన్ పట్టుకుని మెట్లెక్కారు. రాత్రి నుంచి ఛార్జింగ్ ఎక్కడం లేదట. మామగారు కుర్చీ చూపించి, కళ్లజోడు పెట్టుకుని, డైరీలో కొత్త పేజీ తీసి గీతలు కొట్టడం మొదలుపెట్టారు. గార్డుగారు ఫోన్ చాచారు. మామగారు అందుకోలేదు.

"ముందు రాతపూర్వకంగా ఇవ్వండి."