మామ్మ కన్ను కొట్టలేదు

ఒకటో తారీఖు. ఇంకా ఆరు కాలేదు. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో, సగం గడ్డం గీసుకున్న ముఖంతో తలుపు తీశాను. ఎదురుగా మొన్న మా గేదెకు టీకా వేసిన కుర్రాడు. "పడ్డకు కూడా వేయించేశాం తమ్ముడూ, ఇక వద్దు" అని తలుపు వేసేశాను.

అతను తెచ్చింది సూది కాదట, మా మామ్మ పింఛను. 4,000 రూపాయలు!

తువ్వాలుతోనే వీధి చివరిదాకా పరిగెత్తి బతిమాలి తీసుకొచ్చాను. వీధి వీధంతా వెంట వచ్చింది.

అయినా నాకెలా తెలుస్తుంది? 2019లో 50 ఇళ్లకో వాలంటీరు వచ్చాడు, పింఛను అతనే ఇంటికి తెచ్చేవాడు. 2024 జులైలో ఆ పింఛను సంచీ గ్రామ సచివాలయం ఉద్యోగుల భుజానికి ఎక్కింది. ఈ టీకాల కుర్రాడూ వాళ్లలో ఒకడే. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు చూపించిన 29 అంశాల్లో పశుపోషణా ఉంది, సాంఘిక సంక్షేమమూ ఉంది. రెండూ ఒకే కుర్రాడి నెత్తిన పెట్టమని మాత్రం అందులో లేదు.

మామ్మ వేలు యంత్రానికి ఆనలేదు. గోగునార ఒలిచి, పిడకలు చరిచి అరిగిపోయిన వేలు అది. 75 రూపాయల పింఛను రోజుల్లో సిరా పూసి కాగితం మీద అద్దితే చాలు, అరిగిందని ఎవరూ అనలేదు. ఇప్పుడు ఫోనుకు ముఖం చూపించాలి, కళ్లు ఆర్పాలి. మామ్మ ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుని రెప్ప వేయకుండా చూస్తోంది. పైగా చెవుడు. "ఆర్పు మామ్మా" అంటే లేచి వెళ్లి వసారాలో దీపం ఆర్పేసి వచ్చింది. ఆ కంగారులో నా నోటికి వేరే మాట దొరకలేదు.

"కన్ను కొట్టు మామ్మా!"

వినబడలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. మూడోసారి రామాలయం దాకా వినబడి ఉంటుంది. అప్పటికి మామ్మకూ వినబడింది. కొంగు నిండుగా కప్పుకుని, కుర్రాడిని ఎగాదిగా చూసి, "మీ తాతకే ఏనాడూ కొట్టలేదురా, ఈ బాబుకు కొట్టమంటావా?" అంది.

అరుగు మీద నవ్వు ఆగలేదు. ఫోనులో చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. పక్కింటి పిన్ని నవ్వలేక కళ్లు తుడుచుకుంటుంటే అదేమిటని మామ్మ రెప్పలార్చి చూసింది. ఫోను ఒప్పుకుంది.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చి మెట్లు దిగుతూ కుర్రాడు ఆగాడు. "అన్నా, ఆ పడ్డకు టీకా ఎవరు వేశారు? నా పుస్తకంలో లేదే!"

చెంప మీద సబ్బు అప్పటికే ఎండిపోయింది.