రోజుకు 10 శాతం మారిస్తే వారానికి 70 కాదు

ఇంట్లో అక్వేరియం పెంచేవారి మధ్య ఈ మధ్య ఒక మాట బాగా చెలామణి అవుతోంది. కుళాయి గొట్టానికి కరెంటుతో తెరుచుకుని మూసుకునే ఒక సోలనాయిడ్ వాల్వు, దానికి ఒక టైమరు, తొట్టి అంచున మిగులు నీరు బయటికి పోయే ఒక ఓవర్‌ఫ్లో పైపు అమర్చుకుంటే రోజుకు 10 శాతం చొప్పున వారానికి 70 శాతం నీరు దానంతటదే మారిపోతుందని, కొద్దికొద్దిగా కలుస్తుంది కాబట్టి క్లోరిన్ విరుగుడు మందు అక్కర్లేదని, ఇక తొట్టిలో చెయ్యి పెట్టే పనే ఉండదని దాని సారాంశం. నీటి మార్పిడిని యంత్రానికి అప్పగించడం మంచి ఆలోచనే. నేనూ రెండేళ్లుగా అదే చేస్తున్నాను. అందువల్లనే ఈ మూడు మాటలనూ సరిదిద్దడం అవసరమని భావిస్తున్నాను.

మొదట లెక్క చూద్దాం. కొత్త నీరు పాత నీటిలో కలిసిన తరువాతే మిగులు బయటికి పోతుంది గనుక, రెండో రోజు కాలువలోకి పోయే నీటిలో మొదటి రోజు పోసిన కొత్త నీరు కూడా ఉంటుంది. 100 లీటర్ల తొట్టిలో రోజూ 10 లీటర్లు తీసి 10 లీటర్లు పోస్తే, ఏడు రోజుల తరువాత కూడా 48 లీటర్ల పాత నీరు మిగులుతుంది. మారినది 52 శాతమే. ఒకవైపు పోస్తుండగానే మరోవైపు పోయే ఓవర్‌ఫ్లో పద్ధతిలో అది ఇంకాస్త తగ్గి 50 శాతం అవుతుంది. చేపల వ్యర్థాల నుంచి చివరకు మిగిలే నైట్రేట్ తొట్టిలో రోజుకు లీటరుకు 4 మిల్లీగ్రాములు తయారవుతోందనుకుంటే, ఈ మార్పిడితో అది 40 దగ్గర నిలబడుతుంది. పోసే బోరు నీటిలోనే 20 ఉంటే 60కి చేరుతుంది. టైమరు ఎంత క్రమం తప్పక పనిచేసినా అంతకు దిగువకు రాదు.

క్లోరిన్ విషయంలో వారి మాటలో సగం నిజముంది. 24 గంటలూ బొట్టుబొట్టుగా పడే నీటిలోని క్లోరిన్ చాలావరకు తొట్టిలోని సేంద్రియ పదార్థంతో కలిసి ఖర్చైపోతుంది. కానీ టైమరు, వాల్వు పెట్టుకున్నవారి ఇళ్లలో నీరు అలా పడదు, గంటలోపే 10 లీటర్లూ వచ్చేస్తాయి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. 0.5 ఉన్న రోజున గంటలో 10 లీటర్లు చేరితే తొట్టిలో క్లోరిన్ లీటరుకు దాదాపు 48 మైక్రోగ్రాములకు చేరవచ్చు. మంచినీటి జీవులకు కొద్దిసేపైనా లీటరుకు 19 మైక్రోగ్రాములు మించరాదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1984లోనే నిర్ణయించింది. పైగా వానాకాలంలోనూ, పైపులైను మరమ్మతుల తరువాతా క్లోరిన్ మోతాదు పెంచుతుంటారు. ఆ సంగతి వాల్వుకు తెలియదు.

ఆ ప్రచారంలో అసలే కనిపించని సంగతి మరొకటి ఉంది. మన ఇళ్లలో కుళాయి నీరంటే చాలాచోట్ల మేడ మీది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు నీరే. మే నెల మధ్యాహ్నం ఆ నీటిలో చెయ్యి పెట్టలేం. తెల్లవారుజామున 5 గంటలకు పెట్టుకుంటే సరిపోతుందనుకోవచ్చు గానీ, బ్యాటరీ లేని డయల్ టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. కోతలన్నీ కలిపి ఎనిమిది గంటలైతే 5 గంటల నీరు మధ్యాహ్నం ఒంటిగంటకు పడుతుంది.

చెయ్యి పెట్టే పని ఉండదన్నది సరికాదు. ఓవర్‌ఫ్లో పైపు పైనున్న నీటినే తీసుకుపోతుంది, గులకరాళ్ల సందుల్లోని మడ్డిని తాకదు. దానికి సైఫన్ గొట్టం పట్టుకోవలసిందే.

ఇక నీరు పొర్లడం. ఒక రాత్రి మా ఇంట్లో చిటికెన వేలి గోరంత నత్త ఓవర్‌ఫ్లో జాలీలోకి దూరింది, దాని వెనుక వాలిస్నేరియా అనే నీటి మొక్క ఆకు ఒకటి వచ్చి అతుక్కుంది. వాల్వు కూడా సరిగా మూసుకోలేదు. నేను పెట్టిన రకం వాల్వు గట్టిగా మూసుకోవడానికి నీటి ఒత్తిడి తోడు కావాలి. మేడ మీది ట్యాంకు నుంచి మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ మాత్రమే వస్తుంది. తెల్లవారేసరికి హాలంతా నీళ్లు. ఇప్పుడు కుళాయి వాల్వుకు బదులు ఒక పంపు పెట్టి, దాన్ని 10 లీటర్ల మూత డబ్బాకు కలిపాను. సాయంత్రం డబ్బా నింపి, విరుగుడు చుక్కలు వేసి గదిలోనే ఉంచుతాను కాబట్టి ఉదయానికి ఆ నీరు గది వేడికి వస్తుంది. జాలీ పూడినా, పంపు ఆగకపోయినా వచ్చేవి ఆ 10 లీటర్లే. తొట్టి పైన 5 సెంటీమీటర్లు వదిలిన ఖాళీలో అవి పడతాయి.